మొలక శాతం

పొద్దున పదింటికి ల్యాబుల
తడి కాగితపు చుట్టలు విప్పుత.
చుట్టకు యాభై గింజలు, ఎనిమిది చుట్టలు,
నాలుగు వందల పత్తి గింజలు.
మొలిచినయి ఒక దిక్కు, మురిగినయి ఒక దిక్కు.
నూటికి డెబ్బై ఐదు దాటితే సంతకం,
దాటకపోతే ఎర్ర సిరా.
ఇరవై ఒక్క ఏండ్ల సంది ఇదే కొలువు.

మొన్న మిరుగం దాటినంక
గీసుగొండ దిక్కు నుంచి గట్టయ్య వచ్చిండు.
అంగీ జేబుల నాలుగు మడతల ఖాళీ ప్యాకెట్టు.
"ఇది అసలుదా మేడం?"
కంపెనీ పేరుల ఒక అక్షరం ఎక్కువున్నది.
బొమ్మల పత్తికాయ మాత్రం మస్తు పలిగింది.
నేను ఆ అక్షరం మీద వేలు వెట్టిన.
ఆయన నా వేలునే చూసిండు.
చదువు రాదు.
మూడెకరాలు, రెండుసార్లు విత్తిండు.

అదే వారం నేను ఒక కట్టె తెప్పించుకున్న.
గోల్ఫు కట్టె.
నవ్వుతే నవ్వుండ్రి.
కాలేజీల నా జోడు తస్నీం
ఒక ఆదివారం హైదరాబాదుల నా చేతిల పెట్టింది.
కొట్టిన.
నలభై ఏడేండ్లకు మొదటిసారి
నా చేతిలకెల్లి ఒకటి అంత దూరం పోయింది.
నేను నిలవడ్డ కాడనే నిలవడ్డ.

అసలుది అర లక్ష దాటి ఉన్నది.
ఫోనుల ఆరువేల ఎనిమిది వందలు.
అంత అగ్గువకు అసలుది రాదని
ఎవరో చెప్పాల్నా నాకు?

డబ్బా విప్పితే గుప్పున జిగురు వాసన.
లంచ్ టైముల, ఎవ్వరూ లేంది చూసి,
గింజల పురుగును వెతికే అద్దం కింద పెట్టిన.
అక్షరాల అంచులకు నూగు.
నంబరు సగం మాసిపోయింది.
పట్టేసిన.
నకిలీని పట్టుడు నాకు చేతనైన పనే గదా.

మామునూరు దాటినంక అమ్ముడుపోని వెంచరొకటి.
నంబరు రాళ్లు, ఎండిన గడ్డి, ఒక విరిగిన బోర్డు.
ఇరిగిపోతే బాగుండు అనుకున్న.
తల ఊడి ఎగిరితే
"మంచిగైంది నీకు" అని నన్ను నేనే తిట్టుకొని
ఇంటికి పోదును.
ఇరగలే.
బంతి నూట పన్నెండో ప్లాటు మీదికెల్లి పోయి
కాలువ కట్ట అవతల పడ్డది.
చిక్కు ఇక్కడనే.

మొలిచింది. నూటికి నూరు.
ఇప్పుడు ఏ సిరా తియ్యాలె?

పెద్ద కంపెనీ అనుకున్న. సముద్రం అవతల.
నా ఆరువేలకు వాళ్ల పొయ్యి ఆరుతదా?
అనుకుంటనే ఆగిన.
ఈ మాట నేనెక్కడనో విన్న.
నర్సంపేట గోదాముల, సోదా నాడు,
తెల్లంగీ ఆయన కుర్చీ జరిపి, చల్లటి సోడా ఇచ్చుకుంట
"పెద్ద కంపెనీలకేం తక్కువ మేడం,
గింజ మొలిస్తే సాలదా" అన్నడు.
ఆ మాట రిపోర్టుల రాసుకున్నది నేనే.
ఇయ్యాల అదే మాట నా గొంతుల,
సోడా చల్లదనంతోని సహా.

గట్టయ్య మోసపోయిండు.
నేను మోసాన్ని పేరు పెట్టి పిలిచి,
అడ్రసు చెప్పి, గేటు తీసి,
కొరియర్ పిలగానికి ఓటీపీ సుత చెప్పిన.

తస్నీం ఫోను: "కొన్నవా? ఫోటో పెట్టరాదే."
పిడి వరకే కనవడేటట్టు తీసి పంపిన.

నిన్న రిపోర్టు కాపీ కోసం గట్టయ్య మళ్లొచ్చిండు.
పరిహారం ఆఫీసుల అడుగుతున్నరట.
మొలక శాతం పందొమ్మిది అని చదివి చెప్పిన.
పందొమ్మిది అని ఆయన రెండుసార్లు అనుకున్నడు,
ఇంటికి పోయేదాక మరవకుండ.

కారు దాకా నాతోని నడిచిండు.
ఎనుక సీటు మీద కట్టె.
"ఇదేంది మేడం?"
"ఆట కట్టె."
అడిగి చేతిలకు తీసుకున్నడు.
పార కామ చూసినట్టు
ఒక కన్ను మూసి వంకర చూసిండు,
రెండుసార్లు ఎత్తి దించిండు.
"పట్టు మంచిగున్నది" అన్నడు.

అసలుదా అని మాత్రం అడగలే.
నా దగ్గరున్నది గదా,
అందుకని.